ఈ తాళం దేనికి?

మా నాన్న మెయింటెనెన్స్ ఫిట్టర్. శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పని కోసం జంషెడ్‌పూర్ వచ్చి స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. ఆయన సంచిలో టిఫిన్ క్యారియర్ పక్కన ఒక తాళంకప్ప ఉండేది. కన్వేయర్ బెల్టు కిందికి దూరి పనిచేయాలంటే, ముందు ఆ యంత్రానికి కరెంటు ఇచ్చే స్విచ్చు ఆపి, దానికి ఆ తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. నలుగురు దిగితే నాలుగు తాళాలు. అన్నీ పట్టేలా ఐదారు రంధ్రాలున్న ఇనుప కొక్కెం ఒకటి ఉంటుంది. చివరి మనిషి బయటికొచ్చి తన తాళం తాను తీసుకునేదాకా యంత్రం తిరగదు. ప్రతి తాళానికీ ఒక చీటీ: ఎవరు వేశారు, ఏ పనికి, ఎప్పుడు. చీటీ లేని తాళం కనబడితే పెద్ద తలనొప్పి. తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు, అలాగని దాన్ని నమ్మి ఎవరూ లోపలికీ దిగరు.

నేను కంప్యూటర్లలో డివైస్ డ్రైవర్లు రాస్తాను. నా పనిలోనూ తాళాలున్నాయి. వాటిలో చాలావాటికి చీటీ ఉండదు. ఆ తాళాలను సర్దే పనిని మనం పనిగా లెక్కపెట్టడం లేదన్నదే నా ఫిర్యాదు.

డివైస్ డ్రైవర్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఒక పరికరానికీ మధ్య దుబాసీ లాంటి ప్రోగ్రాం. ప్రింటర్‌కు ఒకటి, కెమెరాకు ఒకటి, మోటారు వణుకును కొలిచే సెన్సర్‌కు ఒకటి. ఒకే డ్రైవర్‌ను ఒకే సమయంలో చాలామంది పిలుస్తారు. ఒక ప్రోగ్రాం రీడింగ్ అడుగుతుంది. ఇంకొకటి సెన్సర్ వేగం మార్చమంటుంది. మధ్యలో సెన్సరే ‘కొత్త విలువ సిద్ధం’ అని ఇంటరప్ట్ పంపుతుంది. ఇలా సమాంతరంగా నడిచే ఒక్కో పనిదారను థ్రెడ్ అంటాం. ఇప్పటి ప్రాసెసర్లలో నాలుగో ఎనిమిదో కోర్లు ఉంటాయి కాబట్టి ఈ థ్రెడ్‌లు నిజంగానే ఏకకాలంలో నడుస్తాయి. అందరూ ఒకే డేటా మీద చెయ్యి వేయకుండా ఉండడానికి లాక్ పెడతాం. లాక్ పట్టుకున్న థ్రెడ్ పని ముగించి వదిలేదాకా మిగతావి ఆగుతాయి.

లాక్ లేకపోతే ఏమవుతుంది? ఒక చిన్న లెక్క చూద్దాం. సెన్సర్ విలువ రెండు బైట్లలో ఉంటుందనుకోండి, పెద్ద బైటు, చిన్న బైటు. విలువ 255 అయితే పెద్ద బైటు 0, చిన్న బైటు 255. ఒకటి పెరిగి 256 అయ్యేసరికి పెద్దది 1, చిన్నది 0. ఒక థ్రెడ్ ఈ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి చదువుతోంది. పెద్ద బైటు చదివింది: 0. ఆ క్షణంలో ఇంకో థ్రెడ్ వచ్చి విలువను 256కు మార్చింది. మొదటి థ్రెడ్ ఇప్పుడు చిన్న బైటు చదివింది: 0. రెండూ కలిపితే సున్నా. చదివే వరస తిరగేస్తే 511 వస్తుంది. అసలు విలువ ఏ క్షణంలోనూ సున్నా కాదు, 511 కూడా కాదు. సెన్సర్ అబద్ధం చెప్పలేదు, మధ్యలో దుబాసీ సగం పాత మాట, సగం కొత్త మాట కలిపి చెప్పాడు. దీన్నే రేస్ కండిషన్ అంటారు.

ఈ తప్పు పరీక్షల్లో ఎందుకు దొరకదన్నది కూడా లెక్కతోనే తెలుస్తుంది. రెండు బైట్లు చదవడానికి మధ్య ఉన్న సందు ఒక మైక్రోసెకను అనుకుందాం. సెకనుకు ఒకసారి చదవడం, సెకనుకు ఒకసారి రాయడం, ఒకదానితో ఒకటి పొంతన లేకుండా జరుగుతున్నాయి. ఆ సందులో రాత పడే అవకాశం పది లక్షల్లో ఒకటి. అంటే సగటున పదకొండున్నర రోజులకు ఒకసారి. నేను టేబుల్ మీద గంటసేపు పరీక్షిస్తే తప్పు కనబడే అవకాశం 0.36 శాతం. కానీ అదే బోర్డు ఒక ఫ్యాక్టరీలో 200 చోట్ల బిగిస్తే రోజుకు 17 సార్లు తప్పుడు రీడింగ్ వస్తుంది. ‘నా దగ్గర బాగానే పనిచేసిందే’ అన్న మాటకు ఈ రంగంలో విలువ లేనిది అందుకే.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపు కోసం మోటార్ల వణుకు కొలిచే బోర్డుకు డ్రైవర్ రాశాను. మొదట ఒక్క లాక్ ఉండేది. ఆ తర్వాత రెండేళ్లలో అది అడిగారు, ఇది అడిగారు, లాక్‌లు మూడయ్యాయి. ఒకరోజు బోర్డు బిగుసుకుపోయింది. చూస్తే, రీడింగ్ ఇచ్చే దారిలో మొదటి లాక్ పట్టుకుని రెండోదాని కోసం చూస్తున్నాను. సెట్టింగులు మార్చే దారిలో రెండోది పట్టుకుని మొదటిదాని కోసం చూస్తున్నాను. ‘మీరు ముందు’ అంటే ‘మీరు ముందు’ అని గుమ్మం దగ్గర ఇద్దరు పెద్దమనుషులు నిలబడిపోయినట్టు రెండు థ్రెడ్‌లూ నిలబడిపోయాయి. డెడ్‌లాక్. రెండు చోట్లా ఒకే వరస పాటించేలా మార్చాను.

ఆ ఊపులో కోడ్ అంతా శుభ్రం చేద్దామని కూర్చున్నాను. మూడో లాక్ ఏం కాపాడుతోందో చూశాను. ఎప్పుడో తీసేసిన ఒక స్టేటస్ వేరియబుల్ కోసం పెట్టింది. వేరియబుల్ పోయింది, లాక్ మిగిలింది. తీసేశాను. కోడ్ ఆరు వరసలు తగ్గింది, నాకు చాలా సంతోషం వేసింది. మూడు వారాల తర్వాత గ్రాఫులో అక్కడక్కడా అర్థంలేని గీతలు కనబడడం మొదలైంది, పైన చెప్పిన 0, 511 లాంటివి. ఆ మూడో లాక్ అసలు పని పోయినా, దాని నీడలో రెండు బైట్ల చదువూ రాతా జరుగుతూ వచ్చాయి. ఎవరూ పెట్టమనకుండానే అది వాటికి కాపలా కాస్తోంది. ఎక్కడా రాసి లేదు, రాయాల్సినవాణ్ణి నేనే.

లాక్‌లను శుభ్రం చేయడం అంటే వరసలు తగ్గించడం కాదని నాకు అప్పుడు అర్థమైంది. లాక్ కోడ్‌కు కాదు, డేటాకు వేయాలని కెర్నల్ రాసేవాళ్లు చాలాకాలంగా చెప్పే మాట. ఫలానా ఫంక్షన్‌లోకి ఇద్దరు రాకూడదు అని కాకుండా, ఫలానా రెండు బైట్లను ఇద్దరు ఒకేసారి తాకకూడదు అని ఆలోచించాలి. అప్పుడు ఆ బైట్లను తాకే ప్రతి చోటునూ వెతికి చూడవచ్చు. నా మూడో లాక్ విషయంలో నేను ఫంక్షన్ చూశాను, బైట్లు చూడలేదు.

ఇది నా ఒక్కడి గొడవ అయితే ఇంత రాయనక్కర్లేదు. లినక్స్ కెర్నల్‌లో చాలా సెన్సర్ల డ్రైవర్లు ఉండే ఒక విభాగం ఉంది, పేరు ఇండస్ట్రియల్ ఐఓ. ఉష్ణోగ్రత, పీడనం, వణుకు, వోల్టేజీ కొలిచే చిప్‌లకు అక్కడ చోటు. ఉక్కు ఊళ్లో బతికేవాడికి ఈ పేరు వినగానే సొంత ఇల్లులా ఉంటుంది. అక్కడ సెన్సర్‌ను రెండు రకాలుగా వాడతారు. అడిగినప్పుడు ఒక రీడింగ్ ఇవ్వడం ఒకటి, ఆగకుండా ధారగా రీడింగులు పంపడం రెండోది. ధార నడుస్తుండగా ఎవరో వచ్చి పద్ధతి మార్చకుండా ఉండడానికి ఆ విభాగపు ఉమ్మడి కోడ్‌లో ఎం-లాక్ అనే లాక్ ఒకటి పెట్టారు. అది డ్రైవర్లందరికీ కనబడే చోట ఉండేది. ఇంకేముంది, ఎదురుగా ఒక లాక్ ఉంది కదా అని, చిప్ రిజిస్టర్‌లో విలువ మార్చేటప్పుడు కూడా డ్రైవర్లు దాన్నే వాడుకున్నాయి. పక్కింటి తాళం మన పెట్టెకు వేసుకున్నట్టు. ఎం-లాక్ పట్టుకుని ఉన్న డ్రైవర్, అదే లాక్‌ను లోపల పట్టుకునే ఉమ్మడి ఫంక్షన్‌ను పిలిస్తే తన తాళంలో తానే ఇరుక్కుంటుంది. ఉమ్మడి కోడ్‌లో ఆ లాక్ తీరు మార్చాలంటే ఎక్కడ ఏ డ్రైవర్ దాని మీద ఆధారపడిందో తెలియదు.

దీన్ని సరిచేయడానికి ఏళ్లు పట్టింది. ఒక్కొక్క డ్రైవర్ తెరిచి, ఇక్కడ ఈ లాక్ ఎందుకు పట్టుకున్నారు అని అడగాలి. ధారను ఆపి ఉంచడానికే అయితే అందుకోసం ఉన్న సరైన ఫంక్షన్ వాడాలి. తన సొంత రిజిస్టర్ల కోసం అయితే డ్రైవర్‌కు సొంత లాక్ ఇవ్వాలి. కెర్నల్ పనికి కొత్తగా వచ్చిన చాలామంది ఇందులో ఒకటో రెండో డ్రైవర్లు సరిచేసి మొదటి పాఠం నేర్చుకున్నారు. 2022లో చివరి డ్రైవర్లను కూడా మార్చి, ఎం-లాక్‌ను డ్రైవర్ల కంటికి కనబడని చోటికి తరలించారు. బయటివాడికి ఏ కొత్త సౌకర్యమూ రాలేదు. ఏ పత్రికలోనూ వార్త కాదు. నా దృష్టిలో మాత్రం ఇది ఒక మంచి ఇంజనీరింగ్ కథ.

ఇంతకన్నా పెద్దది బిగ్ కెర్నల్ లాక్ కథ. 1996లో లినక్స్ 2.0 ఒకటికన్నా ఎక్కువ ప్రాసెసర్లున్న యంత్రాలకు మద్దతు ఇచ్చింది. దారి చాలా సులువుగా చూసుకున్నారు: మొత్తం కెర్నల్‌కు ఒకే లాక్. లోపల ఒకసారి ఒక్కరే. అప్పటికి అదే తెలివైన పని. ఆ తర్వాత ఎవరి డేటాకు వాళ్ల చిన్న లాక్‌లు వచ్చాయి కానీ, పాత డ్రైవర్లలో ఆ పెద్ద లాక్ పాతుకుపోయింది. పూర్తిగా పెరికేసరికి 2011 మే, 2.6.39 వెర్షన్. పెట్టడానికి ఒక నిర్ణయం చాలింది, తీయడానికి 15 ఏళ్లు పట్టింది. తీసినవాళ్లలో ఆర్న్డ్ బెర్గ్‌మన్ పేరు ముఖ్యం. చెడ్డ పేరున్న ‘స్లీప్ ఆన్’ అనే నిద్రపుచ్చే ఫంక్షన్ల కుటుంబాన్ని 2014లో సాగనంపిందీ ఆయనే. వాటి లోపం చిన్నది, కానీ దిద్దడానికి వీలులేనిది. ‘పని వచ్చిందా?’ అని చూసి, రాలేదని నిద్రకు ఉపక్రమించే మధ్యలో పని వచ్చి తలుపు తట్టిపోతే, థ్రెడ్ ఇక ఎప్పటికీ నిద్రలేవకపోవచ్చు.

అసలు ఈ రంగానికీ రైళ్లకూ చుట్టరికం ఉంది. థ్రెడ్‌ల సమన్వయానికి మొదటి గట్టి పునాది వేసిన నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా, 1960ల్లో తాను కనిపెట్టిన సాధనానికి సెమఫోర్ అని పేరు పెట్టారు. అది రైలు మార్గం పక్కన చెయ్యి ఎత్తి దించే పాత సిగ్నల్ పేరు. ఇంకా దగ్గరి పోలిక మన సింగిల్ లైన్ టోకెన్. పాతకాలపు స్టేషన్లలో నీల్ బాల్ టోకెన్ యంత్రం ఉండేది. ఇనుప బంతి చేతికొస్తేనే డ్రైవర్ బండి కదపాలి. రెండు స్టేషన్ల యంత్రాలూ కరెంటుతో ముడిపడి ఉంటాయి, ఒకసారి ఒక్క బంతే బయటికి వస్తుంది. మ్యూటెక్స్ అనే లాక్ చేసేది సరిగ్గా ఇదే. ఒక్క తేడా: రైల్వేలో బంతి మీద ఏ రెండు స్టేషన్ల మధ్యదో రాసి ఉంటుంది.

మ్యూటెక్స్ దొరకని థ్రెడ్ నిద్రపోతుంది. స్పిన్‌లాక్ దొరకని థ్రెడ్ నిద్రపోకుండా అక్కడే గిరగిరా తిరుగుతుంది. అందుకే స్పిన్‌లాక్ పట్టుకున్నవాడు చిటికెలో వదలాలి, నిద్రపోకూడదు. చాలా సెన్సర్లు మాట్లాడే ఐ-టూ-సీ తీగ మీద, 100 కిలోహెర్ట్జ్ వేగంలో, ఒక బైటు దాటడానికి 90 మైక్రోసెకన్లు పడుతుంది. ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు అది 90 వేల గడియార టిక్కులు. అంతసేపు స్పిన్‌లాక్ పట్టుకుని కూర్చోవడం రైల్వే గేటు వేసి టీకి వెళ్లిపోవడమే.

ఇప్పుడు అసలు వివాదానికి వస్తాను. లాక్ వదలడం మరిచిపోవడం చాలా సాధారణమైన పొరపాటు. ఫంక్షన్ మధ్యలో ఏదో దోషం వచ్చి తొందరగా వెనక్కి తిరిగే దారుల్లోనే అది జరుగుతుంది. 2023లో లినక్స్ 6.5తో గార్డ్ అనే సదుపాయం వచ్చింది. లాక్ ఒకచోట పట్టుకుంటే చాలు, ఆ బ్లాకు నుంచి ఏ దారిన బయటపడినా కంపైలరే దాన్ని వదిలిస్తుంది. చక్కటి పనిముట్టు. దాంతో పాత డ్రైవర్లన్నింటినీ ఇలా మార్చే ప్యాచ్‌లు వెల్లువెత్తాయి. సెన్సర్ల విభాగం లాంటివి స్వాగతించాయి. నెట్‌వర్క్ విభాగం మాత్రం తన నియమాల పత్రంలోనే అనుమానం రాసుకుంది: 20 వరసలు దాటిన ఫంక్షన్‌లో గార్డ్ వద్దు, మామూలుగా పట్టుకుని వదలడమే కాస్త మేలు, వేరే పనేదీ లేకుండా శుభ్రం కోసమే పంపే ప్యాచ్‌లను ప్రోత్సహించం.

మొదట చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఊడ్చేవాడి చేతిలోంచి చీపురు లాక్కున్నట్టు అనిపించింది. నా మూడో లాక్ అనుభవం తర్వాత వాళ్ల భయంలో నిజం కనబడుతోంది. పరికరం చేతిలో లేకుండా, ఆ లాక్ ఏం కాపాడుతోందో తెలియకుండా, కళ్లు మూసుకుని రూపం మార్చే ప్యాచ్ మేలు కన్నా కీడే చేయవచ్చు. సరిచూసేవారి సమయమూ ఉచితం కాదు. అయినా వాళ్లతో పూర్తిగా ఏకీభవించను. ‘పనిచేస్తున్నదాన్ని కదపకు’ అనేది ఫ్యాక్టరీల్లో నేను చిన్నప్పటి నుంచి విన్న మాట. అది చాలాసార్లు ‘ఎలా పనిచేస్తోందో మాకు తెలియదు’ అనడానికి మర్యాదైన రూపం. గార్డ్‌గా మార్చడం కాదు ముఖ్యం. మార్చే ముందు లాక్ ఎదురుగా ఒక వరస రాయాలి: ఇది ఫలానా ఫలానా డేటాను కాపాడుతుంది. ఆ వరస రాయలేకపోతే ప్యాచ్ పంపే అర్హత ఇంకా రాలేదన్నమాట. కెర్నల్‌తో వచ్చే చెక్‌ప్యాచ్ అనే తనిఖీ స్క్రిప్టు, కఠినంగా చూడమంటే, వ్యాఖ్య లేని లాక్‌ను వేలెత్తి చూపిస్తుంది. ఎంతమంది లెక్కచేస్తారన్నది వేరే సంగతి.

ఇదంతా ప్రోగ్రామర్ల ఇంటి గొడవ అనుకునే పాఠకులకు మూడు సంఘటనలు గుర్తుచేస్తాను. 1985, 1987 మధ్య థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం ఆరుగురికి ప్రమాదకరమైన మోతాదు ఇచ్చింది, కొందరు చనిపోయారు. ఆపరేటర్ వేగంగా సెట్టింగు దిద్దితే బయటపడే రేస్ కండిషన్ అందులో ఒక కారణం. పాత మోడల్‌లో ఉన్న హార్డ్‌వేర్ అడ్డుకట్టలను సాఫ్ట్‌వేర్ మీద నమ్మకంతో తీసేయడం ఇంకో కారణం. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఒహాయోలోని కంట్రోల్ రూములో హెచ్చరికల వ్యవస్థ ఒక రేస్ వల్ల మూగబోయిందని, అది మూగబోయిందన్న సంగతి కూడా ఆపరేటర్లకు తెలియలేదని దర్యాప్తులో తేలింది. ఇక డర్టీ కౌ అనే లినక్స్ లోపం. 2007 నుంచి కోడ్‌లో ఉండి, 2016లో దొరికింది. మామూలు వినియోగదారుడు యంత్రం మొత్తాన్ని చేజిక్కించుకునేంత పెద్ద రేస్, తొమ్మిదేళ్లు అందరి కళ్లెదుటే ఉంది.

ఇప్పుడు వెతకడానికి మంచి పనిముట్లున్నాయి. 2006లో ఇంగో మోల్నార్ తెచ్చిన లాక్‌డెప్, లాక్‌లు ఏ వరసలో పట్టుకుంటున్నామో గమనిస్తూ, డెడ్‌లాక్ ఇంకా జరగకముందే ‘ఈ రెండు దారులూ ఒకరోజు ఢీకొంటాయి’ అని చెబుతుంది. నా బోర్డులో దాన్ని ఆన్ చేసిన కొద్ది నిమిషాలకే నా తప్పు బయటపెట్టింది. మొదటే ఎందుకు ఆన్ చేయలేదని అడగకండి. 2020లో వచ్చిన కేసీశాన్ డేటా రేస్‌లను పట్టుకుంటుంది. ఫ్యాక్టరీ నియంత్రణకు కావలసిన రియల్-టైమ్ లినక్స్ మార్పులు సుమారు 20 ఏళ్లు బయట పెరిగి, 2024లో 6.12తో అసలు కెర్నల్‌లో చేరాయి. ఆ ఏళ్లలో చాలా శ్రమ లాక్‌లను సర్దడమే. ఎందుకంటే రియల్-టైమ్‌లో చాలా స్పిన్‌లాక్‌లు నిద్రపోయే లాక్‌లుగా మారిపోతాయి, చీటీ లేని పాత లాక్‌లన్నీ అక్కడ బయటపడతాయి.

మన దగ్గర లోపం పనిముట్లలో లేదు. కాలేజీ ప్రాజెక్టులో కొత్త డ్రైవర్ రాస్తే మార్కులు పడతాయి. ఉన్న డ్రైవర్‌లో ఐదు లాక్‌లు ఏం కాపాడుతున్నాయో తేల్చి రాస్తే అది ప్రాజెక్టే కాదంటారు. జంషెడ్‌పూర్ ఎన్‌ఐటీ కావచ్చు, శ్రీకాకుళంలో ఒక పాలిటెక్నిక్ కావచ్చు, ఒక సెమిస్టరు ఇలాంటి పని ఇచ్చి చూడమంటాను. వందల రూపాయల సెన్సర్, చిన్న బోర్డు చాలు. విద్యార్థి తేల్చిన సంగతి తప్పైతే బోర్డే చెబుతుంది, లేదా పదకొండున్నర రోజులు ఆగి చెబుతుంది. వర్క్‌షాపులు కూడా బోర్డు కొనేటప్పుడు డ్రైవర్ సోర్సు, దాని లాక్‌ల వివరం అడిగి తీసుకోవాలి. ఏడాది తర్వాత ఆ డ్రైవర్ రాసినవాడు ఫోను ఎత్తకపోవచ్చు. స్వానుభవం, ఎత్తనివాణ్ణి నేనే.

ఆ వర్క్‌షాపు బోర్డులో ఇప్పుడు రెండే లాక్‌లున్నాయి. ఒకటి చిప్ రిజిస్టర్లకు, ఇంకొకటి ఆ రెండు బైట్లకు. ఒక్కోదాని పైన ఒక్కో వరస రాసి ఉంది. మొన్న నాన్నకు స్క్రీన్ మీద చూపించాను. ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుని చదివి, ‘ఎవరు వేశారో పేరు రాయలేదేం?’ అన్నారు. పేరు వేరేచోట, మార్పుల చరిత్రలో ఉంటుందని చెప్పాను. ఆయనకు నచ్చలేదు.